మా ఇంటి ఖరీదు, మీ మీదింటి సారు

వరంగల్, కొత్తవాడ
జూలై 9

లతా,

నీ గొంతుకు ఆపరేషన్ అయిందనీ, పదిహేను రోజులు నోరే విప్పొద్దనీ, ఆ తర్వాత కూడా రెండు మూడు నెలలు మాటలు పొదుపుగా వాడాలనీ మీ సదానందం అన్న చెప్పినప్పుడు నాకు ముందు ఏడుపొచ్చింది. బస్టాపు దాకా నడిచేసరికి నవ్వొచ్చింది. నువ్వు మాట్లాడకపోవడమా! ఇంటర్లో లెక్చరర్ బెంచీ ఎక్కించినా ఆ బెంచీ మీద నిలబడి కూడా మాట్లాడినదానివి. పాతికేళ్లు ఆ షోలాపూర్ పిల్లలకు తెలుగు పాఠాలు అరిచి అరిచి చెప్తే గొంతు మాత్రం ఏం చేస్తుంది పాపం.

ఫోన్లో రాద్దామంటే నా ఫోను ఎప్పుడూ మా కావ్య చేతిలోనే ఉంటుంది. కాలేజీకి వెళ్లే కూతురు చదవకూడనివి మన మధ్య చాలా ఉన్నాయి. అందుకే పోస్టాఫీసుకు పోయి డజను కవర్లు కొన్నాను. నువ్వు ఊరికే వినాలి, అడ్డం రాలేవు. జీవితంలో ఒక్కసారి దొరికే అవకాశం.

మా ఇంట్లో యుద్ధం నడుస్తోంది. పోయిన వానాకాలం నాలా పొంగి నీళ్లు మా గేటు దాకా వచ్చాయి కదా, అప్పటి నుంచి మా ఆయన మహిపాల్‌కు భయం పట్టుకుంది. ఇంటికి ఇన్సూరెన్సు చేయిద్దామని ఏజెంటు గోపాల్‌ను పిలిచాడు. అతను సోఫాలో కూర్చుని "ఇల్లు ఎంతకు రాయాలె సార్?" అన్నాడు. అంతే.

మా మామ రాయమల్లు జంపఖానా మగ్గం మీద కూర్చున్నంత నిటారుగా లేచి కూర్చున్నాడు. "కోటి రాయి. మొన్న పక్క గల్లీల గజం ఎంతకు పోయిందో నాకు ఎర్కలేదా?"

"కోటికి ప్రీమియం ఎవరు కడ్తరు నాయినా? కట్టిననాడు పది లక్షలైంది. పది రాయి గోపాల్," అన్నాడు మా ఆయన.

లోపలి నుంచి మా అత్తమ్మ యాకమ్మ కారం చేతుల్తోనే పరుగెత్తుకొచ్చింది. "ఇల్లు అమ్ముతాన్రా? నాకు చెప్పకుంటనే అమ్ముతాన్రా?" అని ఒకటే శోకం. పక్కింటి సరోజన వచ్చింది, ఎదురింటివాళ్లు వచ్చారు. గోపాల్ ఛాయ్ సగం తాగి పారిపోయాడు.

ఇప్పుడు చెప్పు, మా ఇల్లు కోటా, పది లక్షలా? నువ్వు చెప్పలేవనుకో. రాయి.

నీ సుహా

*

షోలాపూర్
జూలై 21

సుహా,

నీ ఉత్తరం చదివి నవ్వకూడని గొంతుతో నవ్వాను. తప్పు నీది, డాక్టరు బిల్లు నీకే పంపుతాను.

ఇక్కడ నా పరిస్థితి విను. మెడలో పలక కట్టుకుని తిరుగుతున్నాను. కూరగాయలామె దగ్గర "అర కిలో బెండకాయ" అని రాసి చూపిస్తే, నాకు చెవుడు కూడా ఉందనుకుని "బెం-డ-కా-య-లా?" అని అరిచింది. బజారంతా తిరిగి చూసింది. మాట్లాడలేని మనిషితో అందరూ ఎందుకు అరుస్తారో నాకు అర్థం కాలేదు.

మీ ఇంటి సంగతి తెలిసినవాళ్లను అడిగాను. మీ మామా తప్పే, మీ ఆయనా తప్పే. మీ మామ చెప్పే కోటిలో సగానికి పైగా నేల ఖరీదు. అగ్గి పడినా, వరదొచ్చినా నేల ఎక్కడికీ పోదు కదా. పోయేవి గోడలు, స్లాబు, తలుపులు, వైరింగు. పోనిదానికి ప్రీమియం కట్టడమెందుకు? మీ ఆయన పది లక్షలంటే అది ఇల్లు కట్టిననాటి లెక్క. అప్పటి సిమెంటు ధర ఇప్పుడుందా? అప్పటి కూలి ఇప్పుడు ఎవరైనా తీసుకుంటారా?

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ ఇల్లు పూర్తిగా పడిపోయిందనుకో, అదే జాగాలో అలాంటిదే మళ్లీ కట్టాలంటే ఇవాళ ఎంతవుతుంది? ఆ మొత్తమే రాయించాలి. అమ్మితే ఎంతొస్తుంది, కట్టినప్పుడు ఎంతైంది అనేవి రెండూ ఇక్కడ పనికిరావు. ఒక మంచి మేస్త్రీని పిలిచి కొలిపించు.

అత్తమ్మకు చెప్పు, ఇల్లు ఎవరూ అమ్మడం లేదని. ఆమె చేతులకు ఆ కారమేమిటే? మిరపకాయలు దంచుతోందా? తొక్కు పెడితే నాకో సీసా.

లత

*

వరంగల్
ఆగస్టు 11

లతా, లతా, లతా!

మేం ధనవంతులం. కూర్చుని చదువు.

ముందు ఇంటి సంగతి. ఎల్లస్వామి మేస్త్రీ టేపుతో వచ్చి గదిగదీ కొలిచి, మళ్లీ కట్టాలంటే చదరపు అడుగుకు ఎంతవుతుందో చెప్పాడు. లెక్క వేస్తే కోటికి చాలా కింద, పదికి చాలా పైన తేలింది. మా మామ రెండు రోజులు అలిగాడు. "నా ఇల్లు గింతేనా?" అని. నేను పక్కన కూర్చుని, "నేల లెక్కల్లేదు మామా. అది ఎట్లైనా మీదే, దాన్ని ఎవ్వడు తీస్కపోడు," అన్నాను. అప్పుడు అన్నం తిన్నాడు.

తర్వాత సామాను దగ్గరికొచ్చింది. మేం తీసుకునే పాలసీలో ఇంటి విలువలో అయిదో వంతు సామానుకు దానంతటదే వస్తుందట. అంతకన్నా ఎక్కువ ఉందనుకుంటే మనమే చెప్పి రాయించుకోవాలట. గోపాల్ "అది సరిపోతదా?" అంటే మా ఆయన నవ్వి, "మన ఇంట్ల ఏమున్నదే? రెండు లక్షల సామాను గూడ ఉండదు," అన్నాడు.

లతా, ఇరవై రెండేళ్లు ఈ ఇంట్లో తుడిచి, సర్ది, మడిచి పెట్టినదాన్ని. నా ఒళ్లు మండింది. "మీరు హాల్ల కూసోన్రి" అని చెప్పి, అత్తమ్మను, సరోజనను వెంటేసుకుని వంటింట్లోంచి మొదలుపెట్టాను. నీ తెలిసినవాళ్లు ఇంటికి చెప్పినట్టే అడిగాను: ఇది పోతే ఇవాళ కొత్తది ఎంతకొస్తుంది? అత్తమ్మ అల్మారా మీద నుంచి ఇత్తడి గుండిగలు దించింది. ఇత్తడి ధర ఇప్పుడెంతో తెలుసా నీకు? సరోజన దుకాణానికి ఫోన్ చేసి అడిగి కింద కూలబడింది. మిక్సీ, ఫ్రిజ్, గ్రైండరు, మంచాలు, పరుపులు, చలికాలం బొంతలు, నా పట్టుచీరలు. ఒక్కో గదికి మొత్తం చెప్తుంటే మా ఆయన ముఖం ఒక్కో రంగు మారింది. చివరికి ఆయన చెప్పినదానికి నాలుగింతలు దాటింది. అంతకూ రాయించాను.

అత్తమ్మ బయటికెళ్లి వాడకట్టంతా చాటింది. "మా వంటింట్లనే లక్షలున్నయ్, మేం ఎర్క లేకుంట బతుకుతానం!"

ఇప్పుడు వాడలో ఆడవాళ్లందరూ నన్ను పిలుస్తున్నారు. రోజూ మధ్యాహ్నం ఒక ఇంటికి వెళ్తున్నాను. సరోజన వాళ్లింట్లో లెక్క వేశాక వాళ్లాయన పండరి ఆమెను "జర నీళ్లియ్యరాదు" అనడం మాని తనే లేచి తాగుతున్నాడట. "గీ సామాను నడుమ తిరిగేటి మనిషివి, నీకు నేనెట్ల పని చెప్త?" అన్నాడట. నవ్వలేక చచ్చాం.

ఒక్కటి అడుగుతాను. ఈ తెలిసినవాళ్లెవరే? నీకు ప్రీమియం అంటే ఏమిటో కూడా తెలియదు. పోయినసారి ఉత్తరంలో "పోనిదానికి ప్రీమియం కట్టడమెందుకు" అన్న మాట నీది కాదు. నిన్ను నలభై ఏళ్లుగా ఎరుగుదును.

సుహా

*

షోలాపూర్
ఆగస్టు 26

సుహా,

నువ్వు వాడకట్టు మొత్తానికి ధర కట్టే మనిషివయ్యావంటే నాకు గర్వంగా ఉంది. మా ఇంటికి కూడా రా.

గొంతు కొంచెం వచ్చింది. రోజుకు పది వాక్యాలు మాట్లాడొచ్చన్నారు. మొదటిరోజు తొమ్మిది వాక్యాలు పాలవాడి మీద ఖర్చయిపోయాయి.

తెలిసినవాళ్లంటే మా మీది పోర్షన్‌లో అద్దెకుండే సారు. ఇన్సూరెన్సు సర్వేయరు. అంటే ఎవరికైనా నష్టం జరిగితే వెళ్లి చూసి, ఎంత నష్టమో రిపోర్టు ఇచ్చే మనిషి. పెద్దాయన. అంతే.

ఆయన అడగమన్నవి రెండున్నాయి. ఒకటి, నీ ముందు గదిలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ ఉంది కదా, దాన్ని ఇంటి సామానులో కలిపావా? కలిపితే తీసెయ్యి. అది నీకు సంపాదించిపెట్టే మిషన్, ఇంటి పాలసీ దాన్ని ఇంటి సామానుగా ఒప్పుకోదట. దానికి దుకాణాలవాళ్లు తీసుకునే చిన్న పాలసీ వేరుగా తీసుకోవాలి. ఇది మర్చిపోవద్దని మూడుసార్లు రాసిచ్చారు.

రెండోది కారు. దానికి రాసే విలువను ఐడీవీ అంటారు. బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చేది అంతవరకే. కొత్త బండికి ఏటేటా ఎంత తగ్గించాలో లెక్క ఉంటుంది. అయిదేళ్లు దాటితే మనమూ కంపెనీ మాట్లాడుకుని ఒక విలువకు రావాలి. కొంతమంది ప్రీమియం తగ్గుతుందని బాగా తక్కువ వేయిస్తారు. బండి పోయిన రోజు ఏడుస్తారు. కొంతమంది ప్రేమకొద్దీ ఎక్కువ అడుగుతారు. కంపెనీ ఒప్పుకోదు. ఇవాళ ఆ బండిని అమ్మితే మార్కెట్లో ఎంతొస్తుందో దాని దగ్గరగా ఉండాలి. ఇంకో మాట కూడా చెప్పారు. ఎప్పుడైనా బండి నీళ్లలో మునిగితే తాళం తిప్పకూడదు. నీళ్లు నిండిన ఇంజన్ స్టార్ట్ చేస్తే పాడవుతుంది, మామూలు పాలసీలో ఆ ఇంజన్‌కు పైసా రాదు.

మహిపాల్ అన్నకు చెప్పు. ఆయన కారు మీద ప్రేమ నాకు తెలుసు.

లత

*

వరంగల్
సెప్టెంబరు 14

నా రహస్యాల లతా,

నీ సారుకు నా తరఫున ఒక దండం. ఎందుకో విను.

మా ఆయన ఆ తెల్లకారును తొమ్మిదేళ్లుగా బిడ్డకన్నా ఎక్కువ చూసుకుంటాడని నీకు తెలుసు. తను పనిచేసే ఎనుమాముల మిర్చి మార్కెట్లో ఎవరు అడిగినా "అయిదు లక్షలకు తక్కువ ఇయ్య" అంటాడు. ఈ నెల దాని పాలసీ రెన్యువల్. నీ ఉత్తరం చదివి వినిపించి, "ఐడీవీ ఎంత పెడ్తానవ్?" అన్నాను. దగ్గాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆయన దగ్గితే ఏదో ఉన్నట్టే. ఫోన్ లాక్కుని చూశాను. స్క్రీను మీద విలువను అన్నిటికన్నా కిందికి లాగి పెట్టాడు. లక్షా చిల్లర!

"అయిదు లక్షల బండి అంటివి గదా?" అన్నాను.

"అది ఊర్లె చెప్పే రేటు. ఇది కట్టే రేటు," అన్నాడు.

మా మామ మంచం మీద నుంచి కింద పడేంత నవ్వాడు. చివరికి పాత బండ్లు అమ్మే యాకయ్య దగ్గరికి పోయి అడిగితే మూడున్నర దాకా పోతుందన్నాడు. కంపెనీ కూడా దాదాపు అక్కడికే ఒప్పుకుంది. ప్రీమియం కట్టేటప్పుడు మా ఆయన ముఖం చూడాలి, ఇంజక్షన్ వేయించుకునే పిల్లవాడిలా ఉంది.

మిషన్‌కు వేరే పాలసీ తీసుకున్నాను. నా సొంత సంపాదనతో, నా పేరు మీద.

ఇక అసలు విషయం. "పెద్దాయన. అంతే." ఈ "అంతే" నాకు నచ్చలేదు. పెద్దాయనంటే ఎంత పెద్ద? జుట్టు ఉందా? తెల్లదా, నల్లదా? భార్య ఉందా? నీకు మూడుసార్లు ఎందుకు రాసిచ్చారు, ఆయన గొంతుకు కూడా ఆపరేషన్ అయిందా? తిరుగు టపాలో జవాబు రావాలి. లేకపోతే షోలాపూర్ బండెక్కుతాను.

సుహా

*

షోలాపూర్
అక్టోబరు 5

సుహా,

బండెక్కకు. చెప్తాను.

ఆయన పేరు కుమారస్వామి. మన వర్ధన్నపేట ఆయనే. యాభై రెండేళ్లు. జుట్టు ఉంది, సగం తెల్లది. భార్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు.

నేను పలక పట్టుకుని తిరిగే రోజుల్లో, అందరూ నా మీద అరుస్తుంటే, ఆయనొక్కడే జేబులోంచి కాగితం తీసి తనూ రాసి ఇచ్చాడు. "మీరు రాస్తుంటే నేను మాట్లాడటం అన్యాయం కదా" అని. ఎంత నవ్వొచ్చిందంటే గేటు పట్టుకుని నిలబడ్డాను. అప్పటి నుంచి మెట్ల మీద కూర్చుని ఇద్దరం కాగితాలు ఇచ్చుకునేవాళ్లం. నీ ఉత్తరాల్లో ప్రశ్నలు నాకు వరమయ్యాయి. ఐడీవీ అంటే ఏమిటండీ అని అడిగితే అరగంట గడిచేది. అర్థమయ్యాక కూడా రెండుసార్లు అర్థం కాలేదన్నాను. నవ్వకు.

ఇప్పుడు గొంతు పూర్తిగా వచ్చేసింది. డాక్టరు మామూలుగా మాట్లాడమన్నారు. కానీ ఆయన ఎదుట మాత్రం గొంతు రావడం లేదు. ఇదేం జబ్బే?

నా వయసు నలభై ఆరు. బడిలో పెద్ద టీచరును. మా ఆయన పోయి తొమ్మిదేళ్లు. అన్నయ్యకు తెలిస్తే ఏమంటాడో అని భయం. నాన్న పోయాక నన్ను కూతురిలా చూసిన మనిషి. అన్నయ్య ముందు తలవంచుకుని ఈ మాట చెప్పలేను. చెప్పేదేమీ లేదు కూడా, సారేమీ అడగలేదు, నేనేమీ అనలేదు. కాబట్టి ఇదంతా మర్చిపో. ఎవరికీ చెప్పకు. కావ్యకు అసలే చెప్పకు.

లత

*

వరంగల్
నవంబరు 6

లతా,

మేమందరం క్షేమం. ముందు ఆ మాట.

తుఫాను వాన రోజంతా ఆగకుండా కొట్టింది. మర్నాడు పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి చూస్తే వంటింటి గడప మీంచి నీళ్లు లోపలికి జారుతున్నాయి. పాలు పొంగేలోపు మోకాళ్ల దాకా వచ్చాయి. మామను, అత్తమ్మను డాబా మీదికి ఎక్కించాం. అత్తమ్మ చీర కొంగులో బియ్యం మూట, నెత్తి మీద ఇత్తడి గుండిగ. "గిది లక్షల సామాను, ఇడిసిపెట్టి ఎట్లొస్త?" అంటుంది. డాబా మీద టార్పాలిన్ కింద పక్కింటివాళ్లతో కలిసి పన్నెండుమందిమి కూర్చున్నాం. నా మిషన్ నీళ్లలో ఉందని తెలిసి నేను ఏడుస్తుంటే మా మామ తన పాత జంపఖానా నా భుజాల మీద కప్పాడు.

నీళ్లు దిగాక కిందికొచ్చాం. గల్లీలో మా కారు బానెట్ దాకా బురద పూసుకుని ఏనుగు పిల్లలా కూర్చుంది. మా ఆయన తాళం చెవి పట్టుకుని దాని దగ్గరికి పోయి, "ఒక్కపాలి స్టార్ట్ జేసి చూస్త, పాపం," అన్నాడు.

నేను మెట్ల మీంచి దూకాను లతా. బురదలో జారి, కూర్చున్నచోటి నుంచే ఆయన చేయి పట్టుకున్నాను. తాళం లాక్కుని జాకెట్లో వేసుకున్నాను. వాడకట్టంతా చూస్తోంది.

"ఇయ్యే, పిచ్చిదానా!"

"తిప్పితివంటే ఇంజన్‌కు పైస రాదు! సారు చెప్పిండు!"

"ఏ సారు?"

సరిగ్గా అప్పుడు వెనక నుంచి, "నేనేనండీ," అన్నారెవరో.

ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఒక చేతిలో బ్రెడ్డు ప్యాకెట్లు, ఇంకో చేతిలో కొవ్వొత్తులు, బురదలో మెయిన్ రోడ్డు నుంచి నడిచొచ్చిన మనిషి. జుట్టు సగం తెల్లది. నేను బురదలో కూర్చునే నమస్కారం పెట్టాను.

ఈ విషయం నాకు ఎందుకు చెప్పలేదే, పంపిస్తున్నానని? మా ఇంట్లో రెండు రోజులున్నారు. తడిసిన పరుపులు పారేయబోతుంటే ఆపారు. "కంపెనీ సర్వేయర్ చూసేదాక ఏదీ పారెయ్యకున్రి. గోడ మీద నీళ్ల గీత కడగకున్రి. ఫోటోలు తియ్యున్రి," అన్నారు. కంపెనీవాళ్లకు ఫోన్ చేయించారు. వాళ్ల సర్వేయరు వచ్చినప్పుడు మాత్రం, "ఇది వారి పని, నేను చుట్టాన్ని," అని పక్కకెళ్లి అత్తమ్మకు బిందెలు కడిగిపెట్టారు.

చుట్టాన్ని అన్నారు. విన్నావా?

అత్తమ్మ పెట్టిన మిరపకాయ తొక్కుతో అన్నం తిని, కళ్లల్లో నీళ్లు కారుతుంటే ఇంకొంచెం వేయమన్నారు. అత్తమ్మ నన్ను వంటింట్లోకి లాగి, "ఈ సారుకు పెండ్లాం లేదా? ఉంటే గా చినిగిన బనీను తొడుక్కోనిస్తదా?" అంది. "లేదు" అన్నాను. "మన లతకు చెప్పరాదు," అంది! నేను ఎవరికీ చెప్పలేదు. ఒట్టు. ఆమెకే తోచింది.

నాకు నచ్చారు. చాలా నచ్చారు.

సుహా

*

షోలాపూర్
నవంబరు 15

సుహా,

నేను పంపలేదు! నాకు తెలియనే తెలియదు! నీ అడ్రసు కవర్ల మీద చూసుకున్నట్టున్నాడు.

వరంగల్‌లో వరద అని టీవీలో చూసి, నీ ఫోను కలవక నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, ఆయన మీద నుంచి సంచి వేసుకుని దిగాడు. "మా తమ్ముని చేన్ల పత్తి ఏరుతాన్రట, పోయొస్త," అన్నాడు. ఈ వానలో పత్తి ఏరడమేమిటని నాకు తోచనైనా తోచలేదు. మనసులో కోపం కూడా వచ్చింది, నేను ఇంత ఏడుస్తుంటే ఈయనకు పత్తి కావలసొచ్చిందా అని.

నీ ఉత్తరం చదివి తిన్నగా మీదికెళ్లాను. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆ మెట్లు పైదాకా ఎక్కాను. తలుపు తీశాడు. నా గొంతు వచ్చింది సుహా, ఎలా వచ్చిందంటే కింద వీధిలో కుక్క మొరిగింది. "పత్తి బాగా ఏరారా?" అన్నాను.

ఆయన చేతిలో గిన్నె కింద పెట్టాడు. "మీరు ఏడుస్తాంటే చూడలేక పోయిన. చెప్తే వద్దంటరని చెప్పలే," అన్నాడు. తర్వాత, "మీతోని కలిసి ఉండాలని ఉన్నది. మీకు ఇష్టమైతేనే," అన్నాడు. మామూలుగా, టీ తాగుతారా అన్నట్టు.

నేను "అన్నయ్యను అడగాలి" అన్నాను. అంటూనే అవునని చెప్పేసినట్టు ఇద్దరికీ తెలిసిపోయింది. ఆయన నవ్వాడు, నేను నవ్వాను, మెట్లు దిగేటప్పుడు రెండు మెట్లు ఒకేసారి దూకాను. కాలు బెణికింది. బడికి కుంటుతూ వెళ్తున్నాను, పిల్లలడిగితే తుఫాను అని చెప్తున్నాను.

కానీ అన్నయ్య! మూడుసార్లు ఫోన్ చేసి వాతావరణం గురించి మాట్లాడి పెట్టేశాను. నా వల్ల కాదు సుహా. నువ్వు వెళ్తావా?

లత

*

వరంగల్
డిసెంబరు 3

లతా,

వెళ్లాను. హన్మకొండలో మీ అన్న ఇంటికి, కొత్త చీర కట్టుకుని, స్వీటు డబ్బా సంచిలో దాచిపెట్టుకుని. ఒకవేళ తిడితే తిరిగి తెచ్చేసుకుందామని.

వదిన గుడికెళ్లింది. సదానందం అన్న టీవీ చూస్తున్నాడు. "అన్నా, లత గురించి మాట్లాడాలె," అన్నాను. టీవీ ఆపేశాడు. ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

అన్న కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడిచాడు.

"ఏం జేస్తడు?"

"ఇన్సూరెన్సు సర్వేయరన్నా."

"ఏ ఊరు?"

"వర్ధన్నపేట."

"తాగుతడా?"

"ఛాయ్."

మళ్లీ అద్దాలు తుడిచాడు. అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు చూశాను, తుడవాల్సింది అద్దాలు కాదు.

"తొమ్మిదేండ్ల సంది నేనే అడగాలనుకుంటాన సుహాసినీ. ఇంకో పెండ్లి చేసుకుంటవా బిడ్డా అని. అడిగితే, మా ఆయనను మర్చిపొమ్మంటవా అని బాధపడ్తదేమోనని భయం. పండుగకు వచ్చినప్పుడల్ల అడుగుదామనుకుంట, బండెక్కిచ్చి వస్త. అది నాకు భయపడుడు, నేను దానికి భయపడుడు," అన్నాడు.

నేను స్వీటు డబ్బా తీశాను. అన్న మూడు తిన్నాడు, షుగరున్న మనిషి. వదిన వచ్చి చూసి కేకలేసి, విషయం తెలిసి తనూ ఒకటి తింది. సాయంత్రం నీకు ఫోన్ చేస్తానన్నాడు. చేసే ఉంటాడు. ఇద్దరూ ఏడ్చి, మాట్లాడకుండానే పెట్టేసి ఉంటారు.

మా సంగతులు. ఇంటి మరమ్మతుకు డబ్బొచ్చింది, వైరింగు, తలుపులు కొత్తవి వేస్తున్నారు. పరుపులు, ఫ్రిజ్ కొత్తవొచ్చాయి. ఆ రోజు మా ఆయన మాట విని దానంతటదే వచ్చే అయిదో వంతుతోనే ఊరుకునుంటే అన్ని గదులకూ చాలేది కాదు. నా మిషన్‌కు దాని పాలసీలోంచి వచ్చింది, పెళ్లిళ్ల సీజనుకు మళ్లీ కుట్టుపని మొదలుపెట్టాను. కారు బాగు చేయడానికయ్యే ఖర్చు దాని విలువలో ముప్పాతిక దాటిందట, అందుకని పూర్తిగా పోయినట్టే లెక్కగట్టి ఒప్పుకున్న విలువ ఇచ్చారు. దాన్ని తీసుకుపోయే రోజు మా ఆయన బంతిపూల దండ వేసి కొబ్బరికాయ కొట్టాడు. మా మామ "పెండ్లికూతుర్ని సాగనంపుతానవారా?" అన్నాడు. వాడకట్టంతా బయటికొచ్చి చేతులూపింది. మర్నాడే మా ఆయన యాకయ్య దగ్గర ఎర్ర కారు చూసొచ్చాడు. మొదట దాని ఐడీవీ అడిగాడట!

తారీఖు పెట్టుకోండి. భోజనాలు మా ఇంట్లోనే.

సుహా

*

షోలాపూర్
ఫిబ్రవరి 20

సుహా,

ఇల్లు చేరాం. నీ డాబా మీద మీ అత్తమ్మ నాకు పసుపు రాస్తూ పాడిన పాటలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టేటప్పుడు అన్నయ్య నా భుజం మీద చేయి వేసి ఎంతకీ తీయకపోతే, సంతకం వంకరపోయింది. చూసుకున్నప్పుడల్లా నవ్వొస్తోంది.

మీది పోర్షన్ ఖాళీ చేసి సామాను కిందికి దించాం. ఇప్పుడు మా ఇంట్లో రెండు గ్యాసు పొయ్యిలు, రెండు ఫ్రిజ్‌లు, మూడు కుక్కర్లు, అయిదు దువ్వెనలు. నడవడానికి దారి లేదు. ఈయన వంట చేస్తానంటాడు, నేను చేస్తానంటాను, చెరో పొయ్యి మీద చెరో కూర వండుకుని ఒకరిది ఒకరం తింటున్నాం. పక్కింటివాళ్లు మేం గొడవపడి వేరుగా వండుకుంటున్నామనుకుని సర్దిచెప్పడానికి వచ్చారు.

నిన్న ఆదివారం ఇద్దరం కూర్చుని ఇంటి సామానుకు పాలసీ రాయించాలని గదిగదీ చూశాం, నువ్వు వాడకట్టులో చేసినట్టే. ఇది కొత్తది ఎంత, అది కొత్తది ఎంత అని ఈయన అడగడం, నేను చెప్పడం. బాగా నడిచింది. అల్మారా వెనక నుంచి పాత రేడియో బయటపడింది. మా ఆయనది. మొదటి ఆయనది. నైట్ డ్యూటీ నుంచి వచ్చి పొద్దున్నే చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఆయన పోయిన ఏడాదే అదీ పలకడం మానేసింది. ఈయన ముందు దాన్ని ఏం చేయాలో తెలియక, "ఇది పనిచేయదులెండి, పారేద్దాం," అని లోపలికి నెట్టబోయాను.

ఈయన చేయి అడ్డం పెట్టి తీసుకున్నాడు. తువ్వాలుతో దుమ్మంతా తుడిచాడు. హాల్లో, తన భార్య ఫోటో పక్కన, గోడకున్న బల్ల మీద పెట్టాడు. సరిగ్గా ఉందో లేదో రెండడుగులు వెనక్కి వెళ్లి చూశాడు.

"దీనికి ఎంత రాద్దాం?" అన్నాను.

"దీన్ని పాలసీల రాయొద్దు లతా," అన్నాడు. "పోతే కొత్తది ఇస్తమంటరు."

నీ లత